డ్యూకు కోటు చిల్లు

1962 జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆస్ట్రియాలోని ఒక చిన్న ఊరి కోటలో దొంగతనం జరిగింది. పోయిన వస్తువు ఒక చిల్లు.

ఆ చిల్లు ఒక డ్యూకు కోటుకి వీపు వైపు, ఎడమ భుజం కింద, రెండువందల ఏళ్ళుగా ఉంది. వేటకి వెళ్ళిన డ్యూకుని ఎవరో వెనక నుంచి తుపాకీతో కాల్చారు. ఎవరు కాల్చారో తేలలేదు. డ్యూకు పోయాడు, ఆయన రాజ్యం పోయింది, చిల్లు మిగిలింది. ఆ ఊరికి వచ్చే ప్రతి మనిషీ దాన్ని చూడడానికే వస్తాడు. కోట ప్రవేశం టికెట్టు మీద కూడా దాని బొమ్మే వేశారు.

చిల్లు మాయం చేసినవాడిది చీరాల. పేరు సీతారామాంజనేయులు, వయసు ఇరవై ఒకటి, మద్రాసులో నేత సాంకేతిక విద్య చదువుతున్నాడు. చివరి పరీక్షలయ్యాక విదేశీ మిల్లుల్లో పని నేర్చుకోవడానికి కొందరు విద్యార్థులను పంపే పథకం ఒకటి ఉండేది. దాని కింద దక్షిణ జర్మనీలో ఒక బట్టల మిల్లుకి వచ్చాడు. పని రంగుల విభాగంలో. ఉతికినా ఎండబెట్టినా వదలని పక్కా రంగులు నూలుకి ఎలా పట్టించాలో నేర్చుకోవాలి.

నేర్చుకుని వెళితే ఉద్యోగం సిద్ధంగా ఉంది. చీరాల చేనేత సంఘం కొత్తగా రంగుల షెడ్డు కట్టింది. సంఘం అధ్యక్షుడు జానకిరామయ్య ఆంజనేయులికి మేనమామ. "సర్టిఫికెట్ తీసుకురా, షెడ్డు నీకిస్తాను. తేలేదంటే మాత్రం నా మేనల్లుడివని నిన్ను కూర్చోబెట్టలేను. నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు" అని రైలెక్కించేటప్పుడే చెప్పాడు. షెడ్డు రాకపోతే బొంబాయి మిల్లే గతి. ఆంజనేయులు బొంబాయిని ఓడ ఎక్కేటప్పుడు ఒకసారి చూశాడు. రెండోసారి చూడాలని అతనికి లేదు.

జర్మను మిల్లులో శని, ఆదివారాలు సెలవు. అదే ఊళ్ళో ఒక యంత్రాల ఫ్యాక్టరీలో గుంటూరు కుర్రాడు ఏసోబు కూడా ఇలాగే పని నేర్చుకుంటున్నాడు. వాళ్ళ నాన్న మిషను బడి పంతులు. మిషను బంగళాలో ఒక ముసలి దొరసాని దగ్గర ఏసోబు చిన్నప్పుడే జర్మను నేర్చాడు. భాష అతనిది, అతనితో పాటు తిరిగే కాళ్ళు ఆంజనేయులివి. ఇద్దరూ వారం వారం రైలెక్కేవాళ్ళు. జ్యూరిచ్ చూశారు. స్ట్రాస్‌బర్గ్ చూశారు. రాత్రి బండిలో పోయి వెనిస్, పారిస్ చూశారు.

ఆంజనేయులు చూసిన ఊళ్ళ గురించి ఇంటికి కార్డులు రాసేవాడు. "వెనిస్‌లో వీధుల నిండా నీళ్ళే. గుంట తవ్వి మగ్గం వేసుకోవడానికి పనికిరాదు." "ఈఫిల్ టవర్ పైన గాలి బాగుంది. నూలు తొందరగా ఆరుతుంది. కాకపోతే మోసుకెళ్ళడం కష్టం." ఆ కార్డులు చీరాలలో చదివి వినిపించేవాళ్ళు. అందరూ తలలు ఊపేవాళ్ళు.

జూలై చివరి వారం ఆస్ట్రియా వంతు వచ్చింది.

కోటలో పెద్ద హాలు. మధ్యలో ఒక కొయ్య బొమ్మ, దానికి డ్యూకు కోటు. చుట్టూ తాడు కట్టారు. కాపలావాడు భోజనానికి వెళ్ళాడు. ఏసోబు ఫిరంగులు చూడడానికి కింది అంతస్తుకి దిగాడు. హాల్లో ఆంజనేయులు, కోటు మిగిలారు.

నీలం ఉన్ని కోటు. నేత బాగుంది, పడుగూ పేకా సమంగా పడ్డాయి. అంత బట్టకి వీపు మీద రూపాయి కాసంత చిల్లు.

చీరాలలో సంఘం బట్ట ముద్ర పడే ముందు దీపం ముందు పరిచి చూస్తారు. పోగు తప్పిన చోట, చిరుగు పడిన చోట సూదితో రఫ్ఫు చేసి నేతలో కలిపేస్తారు. ఆంజనేయులు ఏడేళ్ళ వయసు నుంచీ ఆ పని మీద పెరిగాడు. సూదుల పొట్లం చొక్కా జేబులోనే ఉంటుంది. చిల్లు కనిపిస్తే పూడ్చాలి. అది ఎవరి బట్ట, ఎందుకు చిరిగింది అని అడిగే అలవాటు ఆ ఇళ్ళల్లో లేదు. అద్దాల వెనక పెట్టాల్సినంత మంచి కోటుని ఇలా వదిలేశారంటే, ఈ ఊళ్ళో రఫ్ఫు చేసేవాళ్ళు లేరన్నమాట అనుకున్నాడు. అతనికి జాలేసింది.

తాడు దాటాడు. కోటు అంచు లోపలి మడత నుంచి కావలసినన్ని పోగులు లాగాడు. అదే బట్ట పోగులు కాబట్టి రంగులో తేడా రాదు. చిరుగు కొసలు లోపలికి మడిచి, పడుగు పోసి, పేక నడిపాడు. గోటితో రుద్దాడు. తాడు దాటి ఇవతలికి వచ్చి చేతులు దులుపుకున్నాడు.

అప్పుడే గైడు ఒక యాత్రికుల గుంపుని లోపలికి తీసుకొచ్చాడు. చేతిలో పొడుగాటి బెత్తం. డ్యూకు పుట్టుక, పెళ్ళిళ్ళు, వేట, అన్నీ చెప్పాడు. "ఇదిగో, ప్రాణం తీసిన ఆ గుండు వెళ్ళిన దారి!" అని గొంతు పెంచి బెత్తం ఆనించాడు.

బెత్తం నున్నటి బట్ట మీద ఆగింది.

గైడు బెత్తాన్ని కొంచెం కుడికి జరిపాడు. కొంచెం కిందికి జరిపాడు. తాడు దాటి కోటు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ముందు వైపు కూడా చూశాడు. తరవాత జేబులోంచి ఈల తీసి ఊదాడు.

కోట తలుపులు మూశారు. ఏసోబు మెట్లెక్కి పరుగున వచ్చాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదు. కోటుకి చిల్లుంటే పూడ్చాను. చూసినట్టున్నారు."

ఏసోబు కోటు వంక చూశాడు. గోడకి వేలాడే బోర్డు మీద పెద్ద అక్షరాలు చదివాడు. ఆంజనేయులి చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"ఒరేయ్, నోరు మూసుకుని నా వెనక నించో. మనం తెలుగువాళ్ళం కాదు. ఎవరమూ కాదు."

"ఎందుకురా? పాపం వెతుక్కుంటున్నారు. చెబితే సంతోషిస్తారు." ఆంజనేయులు చెయ్యెత్తాడు. వచ్చిన నాలుగు జర్మను ముక్కల్లో "నేను, బాగు చేశాను" అన్నాడు. నవ్వాడు కూడా.

ఎవరూ నవ్వలేదు.

మ్యూజియం అధికారిణి గదిలో కూర్చోబెట్టారు. ఆవిడ పేరు డాక్టర్ హోల్ట్సర్. తెల్లటి జుట్టు, మెడలో భూతద్దం. పోలీసు ఇన్‌స్పెక్టరు సైకిల్ మీద వచ్చాడు. ఆదివారం భోజనం మధ్యలో లేచి వచ్చినట్టు తెలుస్తూనే ఉంది.

"పోయిన వస్తువు?" అని అడిగాడు.

"చిల్లు" అంది ఆవిడ.

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. "విలువ?"

"వెల కట్టలేం."

"ఇప్పుడు ఎక్కడుంది?"

ఆవిడ గైడు వంక చూసింది. ఇన్‌స్పెక్టరు ఆ చోటు ఖాళీ వదిలాడు.

చివరికి ఆవిడ మాట ఏసోబు తెలుగులోకి మార్చాడు. కోట మూసే వేళకి చిల్లు యథాస్థానంలో ఉండాలి. ఉంటే కేసు లేదు. లేకపోతే రాత్రికి ఇక్కడే లాకప్పు, రేపు మిల్లుకి ఫిర్యాదు.

"ఫిర్యాదు పోతే సర్టిఫికెట్ ఇవ్వరు. పోలీసు గొడవ ఉన్నవాణ్ణి వెనక్కి పంపేస్తామని మొదటి రోజే చెప్పారుగా" అన్నాడు ఏసోబు. "లే. కుట్టు విప్పు. సాయంత్రం బండి అందుకుందాం."

ఆంజనేయులు లేవలేదు.

"అతికిన పోగు విప్పకూడదురా."

"ఎవరన్నారు?"

"అందరూ. మగ్గం మీద తప్పు పడితే ముందుకి నేస్తాం. పోగు తెగితే అతుకుతాం. అతికింది మాత్రం విప్పం. పెళ్ళి చేసి విడదీసినట్టు."

"ఇది పెళ్ళి కాదురా, చావు. ఆయన చచ్చిన చిల్లు అది. దాన్ని చూసే ఈ ఊరంతా బతుకుతోంది."

కోటుని తెచ్చి బల్ల మీద బోర్లా పరిచారు. గైడు ఇక్కడ అన్నాడు. డాక్టర్ హోల్ట్సర్ అక్కడ కాదు, ఇక్కడ అంది. ఇద్దరికీ జానెడు తేడా వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా చూపిస్తున్నవాణ్ణి నేను అని గైడు, పుస్తకం రాసినదాన్ని నేను అని ఆవిడ. టికెట్టు మీద బొమ్మ చూశారు. అందులో చిల్లు చీమంత ఉంది. ఆవిడ భూతద్దం కోటు మీద మూడుసార్లు నడిచింది. ఏమీ దొరకలేదు.

"చేసినవాడు చూపించాలి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆంజనేయులు వంగి వెతికాడు. మెడ పట్టీ చూశాడు. చేతులు చూశాడు. కుడి వైపు అంతా తడిమాడు. తల అడ్డంగా ఊపాడు.

"దొరకడం లేదని చెప్పు. మరీ బాగా కలిసిపోయింది."

ఏసోబు అతన్నే చూస్తున్నాడు. "ఒరేయ్, ఎడమ భుజం కింద తప్ప అన్నిచోట్లా వెతికావు."

ఆంజనేయులు కుడి వైపు మళ్ళీ తడమడం మొదలుపెట్టాడు.

"నీకు తెలుసు. తెలిసి దొంగేషాలు వేస్తున్నావు. సరే, బొంబాయి పో. మిల్లు గోడ పక్కన చాప వేసుకుని పడుకో. షెడ్డుకి మీ మామ ఇంకెవణ్ణో పెడతాడు. వాడు పసుపు పట్టించాల్సిన నూలుకి ఎరుపు పట్టిస్తాడు. చీరాల చీర ఒక్క ఉతుక్కే వెలిసిపోతుంది. నువ్వు మాత్రం ఆస్ట్రియాలో పోగు విప్పని మహానుభావుడివి. ఆ డ్యూకుని చంపినవాడికి కూడా ఇంతసేపు పట్టలేదురా. ఒక్క గుండుతో పని ముగించాడు."

గోడ గడియారం మోగింది. ఇన్‌స్పెక్టరు బెల్టు సర్దుకుని లేచాడు.

ఆంజనేయులు సూది తీశాడు. కోటు మీద ఎడమ భుజం కింద వేలు ఆనించాడు. గైడు చెప్పిన చోటూ కాదు, ఆవిడ చెప్పిన చోటూ కాదు. కళ్ళు మూసుకుని ఒక దణ్ణం పెట్టి, పేక పోగు కొస పైకి లేపాడు. పూడ్చడానికి పట్టినదానికన్నా విప్పడానికి ఎక్కువసేపు పట్టింది. మడిచిన చిరుగు కొసలు ఒక్కొక్కటే బయటికి లాగాడు. చిల్లు నెమ్మదిగా తెరుచుకుంది.

డాక్టర్ హోల్ట్సర్ దాని మీద భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. తరవాత కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. గైడు టోపీ తీశాడు.

ఇన్‌స్పెక్టరు ఖాళీ వదిలిన చోట రాశాడు: "వస్తువు దొరికింది. సొంతదారుకి అప్పగించాం." ఇద్దరూ పరుగెత్తి బండి అందుకున్నారు. దారి పొడుగునా ఆంజనేయులు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏసోబు రొట్టె ఇస్తే తినలేదు.

సెప్టెంబరులో సర్టిఫికెట్ చేతికొచ్చింది. బొంబాయిలో ఓడ దిగి, కాలేజీలో కాగితాలు ఇవ్వడానికి ఆంజనేయులు మద్రాసు వెళ్ళాడు. ఏసోబు తిన్నగా గుంటూరు వెళ్ళాడు. ఏసోబుకి నోట్లో నువ్వుగింజ నానదు. ఆంజనేయులు చీరాలలో దిగే వేళకి కథ అతనికన్నా ముందు దిగి, వేటపాలెం దాకా పోయింది.

సంఘం హాల్లో సభ పెట్టారు. సర్టిఫికెట్ చేతులు మారింది. జర్మనులో ఉంది కాబట్టి ఎవరూ చదవలేదు. ముద్ర పెద్దదిగా ఉందని ఒప్పుకున్నారు.

"పోలీసుల దాకా వెళ్ళావటగదరా?" అన్నాడు వెంకయ్య. సభ్యుల్లో పెద్దవాడు, గొంతు కూడా పెద్దదే.

"వెళ్ళాను పెదనాన్నా."

"పోలీసుల సంగతి పోనీ. ఉప్పు సత్యాగ్రహంలో నేనూ వెళ్ళాను. అతికిన పోగు విప్పావటగదా?"

జానకిరామయ్య ఉత్తరీయం సర్దుకున్నాడు.

"విప్పాను."

"ఎందుకు విప్పావు?"

"ఆ కాగితం కోసం."

సర్టిఫికెట్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళు దాన్ని కింద పెట్టేశారు.

"ఇదేం చోద్యమయ్యా!" వెంకయ్య లేచి నిలబడ్డాడు. "మా తాత కాలంలో వానకి గోడ కూలి మగ్గం మీద పడ్డా అతుకు విప్పలేదు. రేపు వీడు సంఘంలో కూర్చుంటే, మన బట్టకి ఎవడో కాగితం చూపించి విప్పమంటే విప్పడా?"

సంఘంలో రఫ్ఫు పని అంతా కోటిరత్నం చేతి మీద నడుస్తుంది. ఆవిడ గోడ దగ్గర నుంచి అడిగింది: "ఏరా అబ్బాయ్, పూడ్చింది కనపడిందా వాళ్ళకి?"

"లేదు పిన్నీ. అద్దం పెట్టి చూసినా దొరకలేదు."

"అదన్నా బాగుంది" అంది కోటిరత్నం. "అంత బాగా పూడ్చి విప్పావా! ఛీ, ఛీ! గతుకుల పని చేసి విప్పినా పాపం సగమయ్యేది."

సంఘం చీలింది. పంపించెయ్యాలని కొందరన్నారు. పరాయి దేశంలో జరిగింది కాబట్టి లెక్కలోకి రాదని కొందరన్నారు. చచ్చినవాడి కోటు కాబట్టి మైల అని ఒకాయన కొత్త దారి తీశాడు. మాటా మాటా పెరిగి, మంచినీళ్ళ కుండ ఖాళీ అయింది. ఆంజనేయులు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. అతని కళ్ళ ముందు బొంబాయి స్టేషను కదులుతోంది.

చివరికి జానకిరామయ్య బల్ల చరిచాడు.

"మేనల్లుడని నేను వెనకేసుకురాను. తప్పు తప్పే. వీడు జన్మలో మగ్గం గుంటలో కాలు పెట్టకూడదు. సంఘం బట్ట మీద సూది దించకూడదు. పోగు అతికే చోటికీ విప్పే చోటికీ రాకూడదు."

"అలా అనండి!" అన్నాడు వెంకయ్య.

"మరి ఎక్కడ పెడదాం?" అని ఎవరో అడిగారు.

జానకిరామయ్య ఆలోచించాడు. "రంగుల షెడ్డులో నూలు చిలపల కట్టలు రంగులో ముంచడం, ఆరేయడం. అక్కడ అతుకూ లేదు, విప్పడమూ లేదు. తొట్ల కంపులో పడి ఉండనివ్వండి. ఏరా, ఒప్పుకుంటావా?"

ఆంజనేయులు తల దించుకున్నాడు. మొహంలో ఎంత బాధ పెట్టగలడో అంతా పెట్టాడు.

"పెద్దలు ఎలా శిక్షిస్తే అలాగే, మామయ్యా" అన్నాడు.

వెంకయ్యకి జాలేసింది. "కుర్రవాడు. మరీ జన్మంతా ఆ షెడ్డులోనే వద్దేమో" అన్నాడు.

"వద్దు పెదనాన్నా" అన్నాడు ఆంజనేయులు గబుక్కున. "తగ్గించకండి."