అసాహెల్ రెండో ఇల్లు

వెల్మా ముత్తాత అసాహెల్ నదిలో కొట్టుకుపోయాడనే వాళ్ళింట్లో చెప్పుకునేవారు. వెర్మాంట్ అడవిలో కొట్టిన దుంగల్ని నీళ్ళమీద దిగువకి తోలుకుపోయినవాడు మళ్ళీ రాలేదట. భార్య టిర్జా ఊళ్ళోవాళ్ళ బట్టలుతికి పిల్లల్ని సాకింది. భర్త పోయాడని కట్టిన నల్లబట్టలు చచ్చేదాకా విడవలేదు.

వెల్మా రిటైరయ్యాక ఆయన సమాధి కోసం నది వెంట శ్మశానాలన్నీ తిరిగింది. ఎక్కడా దొరకలేదు. చివరికి వంశం తెలుస్తుందని ఉమ్మితో డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే, అయోవాలో ఐడెల్లా అనే ముసలావిడ రక్తసంబంధమని తేలింది. ఫోన్ చేస్తే, "అసాహెల్ మా తాతే. ఇక్కడే పాతిపెట్టారు. రా, చూద్దువుగాని" అంది ఆవిడ.

మొక్కజొన్న చేల మధ్య ఇల్లు. "వరసకి నీకు అత్తనవుతానే, కూర్చో" అంటూ ఐడెల్లా యాపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె కోసిపెట్టింది. గోడమీద ఫొటోలో అసాహెల్ ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకుని నవ్వుతున్నాడు. వెల్మా వాళ్ళకి ఆయన మొహం ఎలా ఉంటుందో కూడా తెలియదు.

"ఆ ఉయ్యాల తొట్టి తాత చేసిందే. మా నాన్నా వాళ్ళందరూ అందులోనే ఊగారు. ఫిడేలు వాయించి నిద్రపుచ్చేవాడట."

టిర్జా కొడుకు, అంటే వెల్మా తాత, పసితనంలో పడుకున్నది సబ్బుల పెట్టెలో. ఆ తొట్టినీ, ఆ నవ్వునీ చూసి అసూయతో పళ్ళెం పక్కకి నెట్టేసింది.

"ఆయనకి మా ఊళ్ళో పెళ్ళాం ఉందత్తా. మీ నాయనమ్మని చేసుకునేనాటికి బతికే ఉంది. మీవాళ్ళది అసలు పెళ్ళే కాదు."

ఐడెల్లా చెంచా కింద పెట్టింది.

"అందుకా," అంది. "మా నాయనమ్మ హల్డా తాత ఎక్కడికైనా వెళ్ళిపోతాడేమోనని రోజూ రాత్రి ఆయన బూట్లు పెట్టెలో పెట్టి తాళం వేసేదట. తాళంచెవి మెళ్ళో కట్టుకునేది. తాత నవ్వేవాడట గానీ ఆవిడ నవ్వేది కాదట. ఎవర్నో తలుచుకుని కుళ్ళుకుంటోందని తెలిసేదట గానీ, ఎవర్నో మా నాన్నకి అంతుపట్టలేదు."

"టిర్జాని చూసి కుళ్ళుకోడానికేముంది? చేతులు పుళ్ళుపడేలా బట్టలుతికింది."

"ముందొచ్చింది కదే."

ఈ ఇంట్లో ఒకావిడ టిర్జాని తలుచుకుని జీవితమంతా మనశ్శాంతి లేకుండా గడిపిందన్నమాట. ఆ మాట వింటే వెల్మాకి కొంచెం హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు సిగ్గేసింది.

సాయంత్రం శ్మశానానికి వెళ్ళారు. అసాహెల్, హల్డా ఒకే రాయి కింద ఉన్నారు. టిర్జా వాకిట్లోని లైలాక్ పూలమొక్క పిలకని వెల్మా డబ్బాలో పెట్టి తెచ్చింది. నాటుదామని వంగి, మళ్ళీ లేచింది.

"ఈయనకివ్వనత్తా."

"మా నాయనమ్మకివ్వు మరి."

"ఆవిడకీ ఇవ్వను. పక్కన పడుకుంది కదా, అది చాలు."

ఐడెల్లా కోప్పడలేదు. "టిర్జా ఎక్కడుంది?"

"మా చర్చి వెనకాల. ఒక్కతే."

"వేసవిలో వస్తాను. చూపిస్తావా?"

"రా," అంది వెల్మా.

పిలకని మళ్ళీ కారెక్కించింది. దారి పొడుగునా ఆ తొట్టే కళ్ళముందు ఊగుతూ ఉంది. అసూయ తగ్గలేదు. అయినా ఐడెల్లాని రమ్మన్నందుకు బాధపడలేదు.