అడ్డొచ్చిన మేడ

నా రేడియో పిచ్చి మా వదిన బుర్రకెక్కదు. "రెండు ముక్కలు మాట్లాడుకోడానికి ఫోనుందిగా, డాబా మీద ఆ పళ్ళెం దేనికమ్మాయ్?" అంటుంది. ఫోను కంపెనీవాడిది, ఈ లింకు మాది అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. నా డిష్షూ, ఊరికి అవతల ఉండే కళ్ళద్దాల షాపాయన డిష్షూ ఎదురెదురుగా చూసుకుంటాయి. మధ్యలో తీగ లేదు. ఇద్దరం లైసెన్సు తీసుకుని సరదాకి రేడియో నడిపే హ్యామ్‌లం. పొద్దస్తమానం ల్యాబ్‌లో రక్తం సీసాలతో గడిపి వచ్చి ఆయనతో కబుర్లలో పడితే ప్రాణం లేచొచ్చేది. ఆ కబుర్లు సిగ్నల్ గురించే అనుకోండి. ఇంట్లో నన్ను ఆ మాత్రం పలకరించేవాళ్ళు కూడా లేరు.

మా ఇద్దరి మధ్యా ఒక పాడు మేడ లేచింది. మైక్రోవేవ్ తరంగాలు మహా మొండివి, ఎదుటి డిష్ తిన్నగా కనపడితేనే పలుకుతాయి. అంతస్తు పడ్డప్పుడల్లా సిగ్నల్ చిక్కిపోయి, చివరికి ఆయన మాట సగంలో తెగిపోయింది.

"పోన్లేమ్మా, మనమేం చెయ్యగలం," అన్నారాయన ఫోన్లో.

నాకు ఒళ్ళు మండింది. ఆ మేడ మీదే, ఇటు సిగ్నల్ అందుకుని అటు పంపే రిలే పెట్టె పెట్టి ఆయన్ని ఆశ్చర్యపరచాలనుకున్నాను. బిల్డర్ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. కేబుల్ వ్యాపారమేమోనని అతని అనుమానం. నెలల తరబడి నా పోరు పడలేక సరేనన్నాడు. ఈలోగా ఆయన ఫోన్ చెయ్యలేదు. నాలాగే దిగులుపడి ఉంటారనుకున్నాను.

మా ఇంటివైపొకటి, ఆయన వైపొకటి, రెండు డిష్‌లూ నేనే ఎక్కి బిగించాను. అక్కణ్ణించే ఫోన్ చేశాను.

"అన్నయ్యగారూ, మీ డిష్ ఈ మేడ కొసకి తిప్పండి. దాని నెత్తినే మన రిలే కూర్చోబెట్టాను."



"అయ్యో, ముందే చెప్పాల్సిందమ్మా. నా డిష్ వెనక కాలనీవైపు తిప్పేశాను. అక్కడ కొత్తగా నలుగురు చేరారు, రోజూ సందడే. ఇప్పుడు తిప్పితే వాళ్ళకి పోతుంది."

"నా దగ్గర ఇంకోటుంది, తెచ్చిస్తాను."

"చూద్దాంలేమ్మా. ఇప్పుడు నాకూ అంత తీరిక ఉండట్లేదు."

సరేనండీ అన్నాను. మెట్లు దిగేదాకా ఏడుపు ఆపుకున్నాను.

ఇంటికొచ్చి స్క్రీన్ ముందు కూర్చున్నాను. ఎన్నడూ లేనంత నిండుగా ఉంది సిగ్నల్. వదిన గుమ్మంలోంచి తొంగిచూసింది.

"వచ్చారా మీ అన్నయ్యగారు?"

"సిగ్నల్ వచ్చింది వదినా."

"మరి మాట్లాడు."

పలుకుతున్నది నేను పెట్టిన పెట్టేననీ, దాని అవతల ఎవరూ లేరనీ వదినకి చెప్పలేకపోయాను.