ఉరికినోళ్ల ఇల్లు

జాతరకు ముందు కావాల్సిన పనులు ఊరి ప్రెసిడెంటు ఆదినారాయణ గారు మా వాకిట్లో నిలబడే ఒప్పజెప్పారు. వీరుడి రాయికి సున్నం కొట్టాలి. గోదారి రేవు దాకా ముళ్లకంప తీయాలి. దుమ్ముగూడెం నుంచి మైకుసెట్టు తేవాలి. వీరుడి గొప్పతనం నేను మైకులో చెప్పాలి, డిగ్రీ చదివినదాన్ని కదా. ఆఖరున మా చెల్లె స్రవంతి ఉరకాలి. ఇన్నేళ్లూ అమ్మే ఉరికింది. ఇప్పుడు ఆమెకు మోకాళ్లు వంగడం లేదు.

ఉరకడమంటే ఏందో చెప్తాను. వెనకటి యుద్ధంలో బొల్లినాయుడు పిడికెడు మందితో రేవు తోవకు అడ్డం నిలబడి, పొద్దుగూకేదాకా కొట్లాడి, అందరితో పాటు చచ్చాడు. ఆ పూట మా ఇంటి గౌరమ్మ ఊళ్లోని పిల్లల్నీ ఆడవాళ్లనీ తెప్పలెక్కించి అవతలొడ్డుకు చేర్చింది. అందుకని మాది ఉరికినోళ్ల ఇల్లు. ఏటా మా ఇంటి ఆడమనిషి జుట్టు విరబోసుకుని రాయి నుంచి రేవు దాకా ఉరకాలి. జనం వెనక నుంచి గుప్పెడేసి దుమ్ము విసరాలి. దీన్ని భక్తి అంటారు.

"నాయుడు గెలిచిండా పెద్దయ్యా?" అని ఆదినారాయణ గారిని అడిగాను.

"గెలవకపోతే జాతర ఎందుకే?"

"తెల్లారి శత్రువులొచ్చి ఊరు తగలబెట్టిండ్రు గదా?"

"ఊరిదేముంది? పేరు నిలబడ్డది."

బూడిదలో నిలబడ్డ పేరును చూసి ఎవరు మురిశారో ఆయన చెప్పలేదు.

జాతరనాడు స్రవంతి తల వంచుకుని రాయి పక్కన నిలబడింది. కుర్రాళ్లు అప్పటికే దుమ్ము పట్టుకుని ఇకిలిస్తున్నారు. నేను మైకు అందుకున్నాను.

"నాయుడు నిలబడ్డది తెప్పలు దాటాలనే అయితే, ఆయన గెలిచిండు. ఎందుకంటే తెప్పలు దాటినయ్. దాటడమే సిగ్గైతే ఆయన ఉత్తగనే చచ్చిండు. రెండిట్ల ఏదో ఒకటి చెప్పుండ్రి."

"మైకు బంద్ చెయ్!" అని అరిచారు ఆదినారాయణ గారు.

"ఒక్కటే అడుగుత పెద్దయ్యా. మీది నాయుడి కొడుకు వంశమంటరు. ఆ కొడుకు ఆ పూట ఏడున్నడు?"

ఆయన మైకు లాక్కోబోయారు. జవాబు నేనే చెప్పాను.

"తెప్పల ఉన్నడు. రేవు తోవల కొట్లాడినోళ్లల్ల ఒక్కరూ మిగల్లే. ఈడున్న మనమంతా తెప్పలెక్కినోళ్ల పిల్లలమే."

వెనక నుంచి సీతయ్య తాత గొంతు వచ్చింది: "అయితే ప్రెసిడెంటూ, పంచె ఎగ్గట్టు. ఈసారి నువ్వే ఉరుకు!"

నవ్వులు లేచాయి. అమ్మ కుంటుకుంటూ వెళ్లి, స్రవంతి జుట్టు గట్టిగా ముడేసి, చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించింది. ఒకడు దుమ్ము విసరబోయాడు. వాడి తల్లే వాడి చెయ్యి మీద ఒక్కటిచ్చింది. మిగతా వీరభక్తులు మేకకూర చల్లారుతుందని బంతి భోజనాలకు పరిగెత్తారు. ఆ ఉరుకుడును మాత్రం ఎవరూ తప్పుపట్టలేదు.

మీరెప్పుడైనా అటు వస్తే సున్నం కొట్టిన రాయి చూపించి నాయుడి కథ చెప్తారు. వినండి, పర్లేదు. గౌరమ్మకు మాత్రం రాయి లేదు. రేవులో కాళ్లు కడుక్కునేటప్పుడు ఒకసారి ఆమెను తలుచుకోండి.