ఒకరు వింటారా, ఇద్దరా

అతని తరఫున సామాన్లు పంచే పని బాబాయి తన మీద వేసుకున్నాడు. ఆమె తరఫున ఆమె పిన్ని వచ్చింది. ఇద్దరూ ముందుగదిలో చాప వేసుకుని కూర్చుని, గిన్నెల దగ్గర మొదలుపెట్టి, దుప్పట్లు, కుర్చీలు, ఇస్త్రీపెట్టె దాకా ఏ పేచీ లేకుండా వచ్చేశారు. విడిపోతున్న మొగుడూ పెళ్ళాం మాత్రం పరాయివాళ్ళ పెళ్ళికొచ్చినట్టు చెరో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఈ పాటల పెట్టెలు రెండున్నాయి. ఇంకేం, మీకొకటి మాకొకటి," అన్నాడు బాబాయి.

"దేనికది పాడుతుందా అన్నయ్యగారూ?" అంది పిన్ని.

"పాడకేం? మా డిగ్రీగాడు ఇక్కడే ఉన్నాడుగా, అడగండి."

డిగ్రీ అంటే అతనే. వంశంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కి, పట్టా పుచ్చుకుని, స్కూల్లో లెక్కల మాస్టారు అయ్యాక చుట్టాలెవరికీ అతని అసలు పేరుతో పని పడలేదు.

అతను ఆమెవైపు చూశాడు. అవి జత, విడదీస్తే దేనికీ పనికిరావు. ఆ ఒక్క మాట ఆమె అంటే, ఆ వెనకాల తను అనవలసినవి చాలా ఉన్నాయి. ఆమె కూడా అతనివైపే చూస్తోంది. అందరూ జవాబు కోసం ఆగారు.

"పాడుతుంది," అన్నాడు.

పిన్ని ఒకదాన్ని పాత దుప్పట్లో చుట్టి మూట కట్టింది. వాటికి ప్రాణంపోసే ఆంప్లిఫయర్ అదేమిటో పంచేవాళ్ళిద్దరికీ తెలియక అల్మారా కిందే ఉండిపోయింది.

ఆ స్పీకర్లు పెళ్ళయిన కొత్తలో కొన్నవి. కొట్టాయన ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే పాటని రకరకాల పెట్టెల్లో వినిపించాడు. అతనికి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆమె కళ్ళు మూసుకుని వింటూ వింటూ, ఒకచోట, "దీంట్లో పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది," అంది. అతను ఆమె మొహం చూసి వాటినే కట్టమన్నాడు. పుస్తకాల అరలో పట్టేంత చిన్నవి.

"అరలో మాత్రం ఇరికించకండి," అన్నాడు కొట్టాయన. "గోడకి ఆనిస్తే కుండలో నోరుపెట్టి మాట్లాడినట్టుంటుంది. చెవుల ఎత్తులో పెట్టండి. రెండింటి మధ్యా ఎంత దూరమో, వాటినుంచి కుర్చీకీ అంతే దూరం. ఇంతకీ ఒకరు వింటారా, ఇద్దరా?"

"ఇద్దరం," అన్నారు ఒక్కసారే.

"ఒకరైతే రెండూ ఆ కుర్చీవైపు తిప్పుకోవచ్చు, అచ్చంగా కుదురుతుంది. ఇద్దరంటే తిన్నగా వదిలేయాలి. చెరికాస్త లోటు ఉంటుంది మరి."

"ఆ మాత్రం లోటుకి మేమేం చిక్కిపోములెండి," అంది ఆమె.

ఇంటికొచ్చి, ఒకే ఎత్తున్న రెండు స్టూళ్ళ మీద వాటిని పెట్టి, అతను టేపుతో కొలుస్తూ నేలమీద పాకుతుంటే, ఆమె కుర్చీలోంచి హుకుం జారీచేసింది. "ఇంకో రెండు డిగ్రీలు ఇటు తిప్పండి, డిగ్రీగారూ." చివరికి పాట రెండు పెట్టెల్నీ వదిలేసి, మధ్యలో ఎవరూ లేనిచోట మనిషిలా నిలబడింది. ఆ సాయంత్రాలు చాలా బాగుండేవి.

తర్వాత కళ్ళ ఆపరేషన్‌కని వచ్చిన బాబాయి ఉండిపోయాడు. పరీక్షలకని అత్త కొడుకు వచ్చాడు. వాడు వెళ్ళాక వాడి తమ్ముడు. బాబాయీ అత్తా తలా ఒక చెయ్యి వేసి తనని చదివించినవాళ్ళే, ఎవరినీ కాదనలేడు. పక్కలకి చోటు కావాలని కుర్చీలు వంటింట్లోకి వెళ్ళాయి. ఒక స్పీకరు అల్మారా నెత్తికెక్కింది. రెండోది తలుపు మూలకి చేరితే దానిమీద బాబాయి తడి తువ్వాలు ఆరేసేవాడు.

"దానికి జలుబు చేస్తే గొంతు పోతుంది మావయ్యగారూ," అనేది ఆమె మొదట్లో. తర్వాత ఆ వేళాకోళమూ మానేసింది. ఒకరోజు నెమ్మదిగా, "ఈ ఇంట్లో నేను కూర్చునే చోటేదండీ?" అని అడిగింది.

"సర్దుకుందాం," అన్నాడతను. సర్దుకున్నన్నాళ్ళు సర్దుకుంది.

పంపకాలయిన తర్వాతి ఆదివారం అతను తన వాటా స్పీకర్నీ ఆంప్లిఫయర్నీ సంచిలో పెట్టుకున్నాడు.

"మన వాటా ఎక్కడికిరా డిగ్రీ?"

"రెండోదాని దగ్గరికి."

"మరి మనకేం మిగిలిందిరా?"

"నువ్వున్నావుగా బాబాయ్."

ఆమె అద్దెగది మేడమీద ఉంది. వరండాలో బూట్లు విప్పి తలుపు తట్టాడు. లోపల మంచం, కిటికీ దగ్గర ఒక కుర్చీ, పక్కన మడత పెట్టిన బట్టలతో ఇంకో కుర్చీ. ఎదురుగా బల్లమీద ఆ స్పీకరు ఒక్కటే, ఓ చివరకి జరిపి, రెండో చివర ఖాళీగా వదిలి ఉంది. ఆ ఖాళీ చూడగానే అతనికి కాళ్ళలో సత్తువ వచ్చింది.

"ఒక్కటే ఉంటే సగం పాటే వస్తుంది," అన్నాడు సంచి దించి. "ఈ ఆంప్లిఫయర్ లేకపోతే ఆ సగమూ రాదు."

"తెలుసు."

"తెలిసీ తీసుకొచ్చావా?"

"మీరు పాడుతుందన్నారుగా," అంది.

అతను పనిలో పడ్డాడు. బల్లని గోడ నుంచి ముందుకి లాగాడు. పెట్టెల కింద పుస్తకాలు పేర్చి ఎత్తు సరిచేశాడు. ఎరుపు తీగ ఎరుపుకి, నలుపు నలుపుకి బిగించాడు. ఇక తిప్పడమే మిగిలింది. రెండు చేతులూ పెట్టెల మీద ఉంచి, ఆ కొట్టాయన గొంతు తెచ్చిపెట్టుకుని అడిగాడు.

"ఒకరు వింటారా, ఇద్దరా?"

ఆమె రెండో కుర్చీ దగ్గరికి వెళ్ళి, దానిమీది బట్టలన్నీ తీసి మంచం మీద పెట్టింది. చేత్తో దుమ్ము దులిపింది. అతను పెట్టెల్ని తిన్నగా సర్దాడు. ఆమె కుర్చీని రెండు చేతులా ఎత్తుకుని, గుమ్మం దాటించి, వరండాలో పెట్టి వచ్చింది.

"ఒక్కదాన్నేనండీ," అంది. "నాకిప్పుడు చోటు దొరికింది."

అతను తలాడించాడు. టేపు తీసి కొలిచాడు. పెట్టెల్ని కిటికీ దగ్గర కుర్చీవైపు తిప్పాడు. ఆమె వెళ్ళి కూర్చుని కళ్ళు మూసుకుంది.

"ఇంకొంచెం లోపలికి," అంది.

"ఎన్ని డిగ్రీలు?"

ఒక్క క్షణం ఆమె పెదవులు కదిలాయి. అతను ఎదురు చూసిన పిలుపు మాత్రం రాలేదు.

"చాలు," అంది.

పాట పెట్టాడు. మొదటి చరణం అయ్యేసరికి ఆమె మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"కుదిరిందా?"

"ఎప్పుడూ ఇంత బాగా వినలేదు," అంది. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఒకరికైతే అచ్చంగా కుదురుతుందని కొట్టాయన ముందే చెప్పాడు.

అతను ఖాళీ సంచి మడిచి బయటికొచ్చి, వరండాలో ఉన్న కుర్చీలో కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. అక్కడికి పాట వినిపిస్తోంది గాని, ఊపిరి వినిపించడం లేదు. రెండు పెట్టెలూ కలిసిపోయి గోడవతల ఎవరో పాడుతున్నట్టుంది. ఒక లేసు కట్టాడు. రెండోది కట్టి, వదులైందనుకుని విప్పి, మళ్ళీ కట్టాడు.

పాట అయిపోయేదాకా కడుతూనే ఉన్నాడు.