దస్తీ వేసిన సీటు

"రేపు పొద్దుగాల పంచాయతీ కాడికి నడ్డి టీం వస్తుంది, అందరు రాండ్రి!"

విరూర్ పంచాయతీ చప్రాసీ భీమన్న మైకులో అరిచిన అరుపు ఊరంతా విన్నది. ఫోనులో అతనికి ఊరి పిల్ల ప్రణాలి చెప్పిన మాట 'నడ్జ్ టీం'. సరిగ్గా అప్పుడే స్టేషనులో రైలు కూసింది. కూతలో 'జ్' కొట్టుకుపోయింది, మిగిలిన ముక్కకు భీమన్న తన సొంత తోక తగిలించాడు.

తెల్లారేసరికి పంచాయతీ ముందు పద్దెనిమిది మంది చేతులు నడుముల మీద పెట్టుకుని నిలబడ్డారు. లచ్చయ్య అయితే నూనె సీసాతో సహా వచ్చాడు. జీపు దిగిన అమృత ఆ హాజరు చూసి హుషారైపోయింది. మనుషులు ఏదైనా ఒకటి ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఎట్లా ఎంచుకుంటారు, ఎందుకు ఎంచుకోరు అని హైదరాబాదులో పరిశోధన చేసే మనిషి ఆమె.

"మేడం, ముందుగాల్ల నాది సూడుండ్రి," అని లచ్చయ్య చొక్కా ఎత్తి వీపు తిప్పాడు.

"మీకు బాగాలేనివి కళ్ళు కదా?" అంది అమృత.

"కండ్లు కనబడకున్నా నడుస్త మేడం. నడ్డి పడితే ఎట్ల నడుస్త?"

అమృత కోసం ఇల్లిల్లూ తిరిగే ప్రణాలికి సంగతి అర్థమైంది. నిజం చెప్తే పద్దెనిమిది నడుములూ ఇంటిదారి పడతాయి. "నడుముల ముచ్చట తర్వాత తాతా, ముందు కండ్లది," అని మాట దాటేసింది.

కళ్ళ ముచ్చట ఇదీ. శుక్లాల ఆపరేషన్లు ఉచితంగా చేసే ఒక ఆసుపత్రి చంద్రపూర్ నుంచి బస్సు పంపుతోంది. ఇల్లిల్లూ అడిగితే అందరూ "వస్తం" అన్నారు. మొదటిసారి ఇద్దరెక్కారు. రెండోసారి డ్రైవరు మధుకర్ ఒక్కడే వచ్చి ఒక్కడే పోయాడు. ఈ గురువారం ఇరవై మంది ఎక్కకపోతే బస్సు ఇక వేరే ఊరికి పోతుంది.

ఆ లెక్క అమృతకు కాగితం మీదిది, ప్రణాలికి ఇంట్లోది. ఆమె నాయనమ్మ బాలమ్మకు ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది పోయే దారిలో ఉంది. మొన్న గిన్నె అనుకుని మంటలోనే చెయ్యి పెట్టింది. అయినా మాట మాత్రం అదే: "పత్తి ఏరుడు గానీ బిడ్డా, పోదాం." పత్తి అయితే కంది, కంది అయితే పెళ్ళిళ్ళు. ఆమె 'రేపు'కు రెక్కలుండేవి, ఎగిరి ఎల్లుండి మీద వాలేది.

అమృత ఒక పోస్టరు తెచ్చింది, చక్కటి తెలుగులో. లచ్చయ్య దాన్ని తలకిందులుగా పట్టుకుని మెచ్చుకున్నాడు. "బొమ్మ మంచిగుంది మేడం. రాతల ఏమున్నది?"

ఊరు మహారాష్ట్రది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఊళ్ళో తెలుగు మాట్లాడని నోరు లేదు, తెలుగు చదివే కన్ను లేదు. పోస్టరు మీద ముసలి గంగవ్వ మిరపకాయలు ఎండబెట్టింది.

అమృత పంచాయతీ మెట్ల మీద కూలబడింది. "అందరూ రావాలనే అనుకుంటున్నారు. మరి కాలు ఎందుకు కదలదు ప్రణాలీ?"

"మా బాపమ్మ కాలు కదలంగ నేను ఒక్కసారే సూసిన మేడం, రాజురా బస్టాండుల." ప్రణాలి నవ్వింది. "కిటికీలకెళ్ళి సీటు మీద మొకం తుడుసుకునే దస్తీ ఏసింది. ఎవరో ఎక్కి అండ్ల కూసున్నరు. ఎవర్నీ పల్లెత్తు మాటనని మనిషి, విరూర్ దాకా కొట్లాడింది! 'నా సీటు' అంటది. అప్పటికింక టికెట్టు గూడ తీసుకోలే."

అమృత లేచి నిలబడింది. "చేతికి రాకముందు వద్దనుకున్నది కూడా, ఒకసారి నాదనుకుంటే మనిషి వదలడు. మేం ఇరవై పేజీల్లో రాసేది మీ బాపమ్మ దస్తీలో మూట కట్టేసిందే!"

బుధవారం అంగడి రోజు, సంతకు ఊరంతా వస్తుంది. మధుకర్‌ను బతిమాలి బస్సు ఒకరోజు ముందే తెప్పించారు. భీమన్న మైకు అందుకున్నాడు. "రమ్మంటలేరు! ఊకె సీటు ఏరుకొమ్మంటుండ్రు, గంతే!"

మొదట ఎవరూ కదల్లేదు. అప్పుడు లచ్చయ్యకు నడుము గుర్తొచ్చింది. వెనక సీటయితే కుదుపులు. గబగబా వచ్చి ముందు వరుసలో తువ్వాల పరిచాడు. అది చూసి గంగవ్వ డ్రైవరు పక్క కిటికీ సీటు మీద కన్నేసి అటు నడిచింది.

ఉల్లిగడ్డల సంచితో బాలమ్మ అక్కడే ఉంది. "నేనేం వస్తలేను," అని అప్పటికి మూడుసార్లు అన్నది. గంగవ్వా ఆమే ఒకే ఏడాది ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. బోరింగు దగ్గర బిందె నుంచి బస్సులో సీటు దాకా పోటీయే. గంగవ్వ మెట్టు ఎక్కేలోపే బాలమ్మ దస్తీ కిటికీలోంచి ఎగిరి సీటు నడిమధ్యలో పడింది. కన్ను మసక గానీ గురి మసక కాదు!

ఇక దస్తీల వాన. దస్తీ పడితే ఆస్తి, ఆస్తి కోసం కుస్తీ. "అరే బాప్‌రే, హళూ హళూ!" మెల్లగా, మెల్లగా అని మధుకర్ మరాఠీలో మొత్తుకున్నాడు. చివరికి గుడ్డలన్నీ లోపలే ఉంచి బస్సుకు తాళం వేశాడు.

గురువారం పొద్దున బాలమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు. "నేను పోను. నా దస్తీ తెచ్చియ్యి."

ప్రణాలి ఆమె చెయ్యి పట్టి లేపబోయింది. కానీ ఎవరినీ బలవంతం చేయొద్దని అమృత గట్టిగా చెప్పింది. "సరే బాపమ్మా, తెస్త. గంగవ్వ అడిగింది, గా సీటు ఖాళీ అయితదా అని."

అది అబద్ధం కాదు. గంగవ్వ నిజంగానే రెండుసార్లు అడిగింది.

"ఎవరు?"

"గంగవ్వ."

"నా సీట్ల గంగవ్వనా?"

సంచి సర్దిందో లేదో తెలియదు. ప్రణాలి చెప్పులేసుకునేసరికి బాలమ్మ సగం దారిలో ఉంది. బస్సు తలుపు దగ్గర అమృత ఒక్కొక్కరినీ అడుగుతోంది. "ఇష్టంతోనే వస్తున్నారా?"

"నా సీట్ల నేను కూసుంటే నీకేమాయె బిడ్డా?" అని బాలమ్మ ఎక్కి, దస్తీ దులిపి, రాణిలా కూర్చుంది. గంగవ్వకు వెనక సీటు దొరికింది.

ప్రణాలి రెండుసార్లు లెక్కపెట్టింది. ఇరవై చాలనుకున్న చోట ముప్పై ఒక్కరు! మధుకర్ కొట్టిన హారనుకు అంగడి కుక్కలన్నీ జవాబిచ్చాయి.

శుక్రవారం సాయంత్రం బస్సు తిరిగొచ్చింది. పట్టీలు విప్పి పంపారు. దిగిన ప్రతి మనిషికీ నల్లద్దాలే, ఊరికి ముప్పై ఒక్కమంది హీరోలు! బాలమ్మ మెట్టు మీదే ఆగి అద్దాలు కొంచెం జరిపి మనవరాలిని చూసింది.

"ఏందే, గింత బక్కగైనవ్? తింటలేవా?"

ప్రణాలి ఏడుస్తూ నవ్వింది.

"గంగవ్వా, నీ నెత్తంత తెల్లగైందే!" బాలమ్మ వెనక్కి తిరిగి అన్నది.

"నీదేమన్న నల్లగున్నదా? నేనూ గిప్పుడే సూసిన!" ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని విరగబడి నవ్వారు.

ఇంతలో లచ్చయ్య మైకు గుంజుకున్నాడు. "కండ్లయితే మంచిగైనయ్. నా నడ్డి సంగతేంది? నడ్డి టీం అని పిలిచిండ్రు, ఒక్కలన్న నడ్డి ముట్టలే!"

"అవునవును," అన్నాయి మిగతా నడుములు.

"నడ్డి టీం ఎవరు?" అమృత బిత్తరపోయింది.

ఇక దాచి లాభం లేదు. ప్రణాలి మైకు తీసుకుంది. "తప్పు నాదే. నేను ఫోనుల చెప్పింది నడ్జ్. రైలు కూసె, భీమన్న కాకాకు నడ్డి అని ఇనబడె. మీరంత జమైండ్రని నేను సప్పుడు చేయలే. నడ్జ్ అంటే గుంజుకపోవుడు గాదు, బెదిరిచ్చుడు గాదు. పక్కనున్నోళ్ళు మోచేత్తోని మెల్లగ తాకిస్తరు సూడు, 'పోదాం పా' అని, గంతే!" అంటూ లచ్చయ్యను మోచేత్తో తాకి చూపించింది.

"అబ్బా! సరిగ్గ గాడ్నే నొస్తది!" అన్నాడు లచ్చయ్య.

ఊరు గొల్లుమంది. భీమన్న గొంతు సవరించుకుని మైకు అందుకున్నాడు. "ఊరోళ్ళందరికి తెలియజేసుడేందంటే, వచ్చింది నడ్డి టీం గాదు, నడ్జ్ టీం! నడుం నొప్పులోళ్ళు ఇండ్లకు పోవచ్చు!"

ఒక్కరూ కదల్లేదు. నడ్డి టీం మీద వాళ్ళు అప్పటికే దస్తీ వేసేశారు.