గేటు దగ్గర సముద్రపు పిట్టలు

పొద్దున ఎనిమిదిన్నరకు ఆ అద్దాల టవరు గేటు దగ్గర రెండు లైన్లు ఉంటాయి. ఒకటి మెడలో ట్యాగులు వేసుకున్నవాళ్లది. రెండోది, చలికాలంలో వెనక చెరువుకు వచ్చే సముద్రపు పిట్టలది. ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా నిలబడి, వంతు రాగానే రెక్కలు చాపుతాయి. సెక్యూరిటీ కిష్టమ్మ చేతిమిషన్ ఆనించగానే కుంయ్‌మంటుంది. "ఇనుమున్నది బిడ్డా, లోపలికి పోరాదు" అంటుంది కిష్టమ్మ. అవి తిరిగిపోతాయి, మర్నాడు మళ్లీ వస్తాయి. ఎవరూ వింతపడరు. లైను కదలకపోతే విసుక్కుంటారంతే.

"పిట్టల్ని లెక్కపెట్టేవాళ్లు కాలికేసిన రింగు వల్ల మోగుతోంది కిష్టమ్మా" అని చెప్పాడు రవికిరణ్. ఆరో అంతస్తులో ల్యాబు ఆయనది. చచ్చిన పిట్టల కార్జాలు కోసి పాదరసం ఎంత, సీసం ఎంత, పురుగుమందు ఎంత అని తేలుస్తాడు. పరీక్షలు చేయించేది చెరువు పక్క ఫ్యాక్టరీవాళ్లే కాబట్టి, ఏం తేలినా 'పరిమితిలోనే ఉంది' అని రాస్తాడు. ఆ చేత్తో అన్నం ఎలా కలుపుకుంటాడో మరి. "చెరువు చేపలు నిశ్చింతగా తినండి" అని కూడా అన్నాడు. అది నమ్మే కిష్టమ్మ, ఆరు నెలల కడుపుతో ఉన్న కూతురు యశస్వినికి ఆదివారం ఆదివారం పులుసు పెట్టింది.

మొన్న సోమవారం రింగు లేని పిట్ట వచ్చింది. కాళ్ల దగ్గర మిషన్ నోరు మెదపలేదు. పొట్ట మీద కుంయ్‌మంది. కిష్టమ్మ అప్పటికప్పుడు యశస్వినిని మియాపూర్ నుంచి పిలిపించి, గాజులూ పుస్తెలూ తీయించి, కడుపు మీద ఆనించింది.

కుంయ్.

దవాఖానకు ఉరికారు. "చెరువు బాగుందని రిపోర్టే ఉంది కదమ్మా, రక్తపరీక్ష దేనికి? కాదని ఇంకో రిపోర్టుంటే పట్టుకురా" అంది డాక్టరమ్మ.

మంగళవారం రవికిరణ్ కొత్త రిపోర్టుతో గేటు దగ్గరికి వచ్చాడు. పదింటికి మీటింగు. బెల్టు తీశాడు, వాచీ తీశాడు. పొట్ట మీద మాత్రం కుంయ్.

"మిషన్ పాడైనట్టుందండి."

"పిట్టలకు బానే పనిచేసింది గద సార్. ఏం తింటరు మీరు?"

"నేను మీ చెరువు చేపలు ముట్టను. మావి కాకినాడ నుంచి ఐసులో వస్తాయి. సముద్రం చేపలు."

"ఇవి గూడ సముద్రంకెళ్లే వచ్చినయ్" అని కిష్టమ్మ పిట్టల్ని చూపించింది. "మోగినోళ్లను పంపొద్దని రూలు. జర గా లైన్ల నిలబడున్రి."

"నా మీటింగు..."

"మీరు ముట్టని చాపలు నా బిడ్డను తినుమంటిరి. మీటింగంట, మీటింగు."

నిలబడ్డాడు. మూడుసార్లు వంతు వచ్చింది, మూడుసార్లూ మోగింది. ముందున్న పిట్ట వెనక్కి తిరిగి ఆయన్ని ఓసారి చూసి ఎగిరిపోయింది. చివరికి ఫుట్‌పాత్ మీద చతికిలబడి ఫైలు తెరిచాడు. 'పరిమితిలోనే' అన్న మాట కొట్టేశాడు. మర్చిపోదామని ఎంత చూశాడో గానీ, అసలు అంకెలన్నీ గుర్తే ఉన్నాయి. వరసగా రాసి, సంతకం పెట్టి, కాగితం చాపాడు.

కిష్టమ్మ తిప్పి చూసి మళ్లీ ఆయన ముందే పెట్టింది.

"స్టాంపు గూడ గుద్దున్రి సార్. దవాఖాన రెండింటికి బంద్ అయితది."