మూడుసార్లు వాయించిన తప్పు

ఆమెను చంపింది ఆమె సొంత తమ్ముడే. ఇందులో వాదించడానికేమీ లేదని వడ్రంగి ఏడాది కిందటే తేల్చేసుకున్నాడు. భార్యను కాటికి సాగనంపిన రోజే ఆ మాట బావమరిది ముఖాన అన్నాడు. అతను తల దించుకుని విన్నాడే తప్ప ఎదురు చెప్పలేదు. ఆ రోజు నుంచి వడ్రంగి కర్ర పట్టింది పనికే. షెడ్డు మూలనున్న డ్రమ్స్ మీద దుప్పటి కప్పాడు. దుప్పటి మీద రంపపు పొట్టు వేలు మందాన పేరుకుంది.

బ్యాండు అంటే నలుగురే. బావమరిది గిటార్, బస్సు డ్రైవరు బేస్ గిటార్, వడ్రంగి డ్రమ్స్, అతని భార్య గొంతు. ఆమె వారమంతా కుట్టుమిషను తొక్కేది. సెలవు రోజు మధ్యాహ్నం అందరూ వడ్రంగి షెడ్డులో చేరేవారు. గోడలకు ఆనించిన పలకలు మోతను మింగేసేవి కాబట్టి పక్కింటివాళ్ళు పేచీ పెట్టేవారు కాదు. వాళ్ళు వాయించేది బ్లూస్ రాక్. ముందుగా రాసుకున్న పాటంటూ ఉండదు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి, రికార్డరు తిరుగుతూనే ఉండాలి. ఎవరైనా తప్పితే ఆగకూడదు. ఆ తప్పునే అందరూ కలిసి మూడుసార్లు వాయించాలి. మూడోసారికి అది తప్పు కాదు, పాట. ఈ నియమం పెట్టింది బావమరిది.

మొదటి ఆల్బమ్ చిత్రిక పట్టని చెక్క. గరుకు, వేగం, మోత. బ్రేకుల్లేని బండి అని డ్రైవరు దానికి పేరు పెట్టాడు. రెండోదానికి పాటలు సాగాయి, ఒక్కొక్కటి పావుగంట నడిచేది. మూడోది మొదలుపెట్టేసరికి ఆమె పాడే తీరే మారిపోయింది. తాళానికి అర అడుగు వెనక నడిచేది. చరణం మధ్యలో ఆగిపోయి, కాసేపు ఖాళీ వదిలి, ముందుదానితో పొంతన లేని మాటతో మళ్ళీ అందుకునేది. నియమం ప్రకారం ముగ్గురూ ఆమె వెంటే నడిచారు. ఆమె ఆగిన చోటల్లా ఆగారు, మూడేసిసార్లు. పాట నెమ్మదించింది, లోతెక్కింది. ఇన్నాళ్ళకు అక్కకు దారి దొరికిందని తమ్ముడు మురిసిపోయాడు. నువ్వలా ఆగినప్పుడల్లా నా కాలు బ్రేకు మీదకు పోతోంది వదినా అని డ్రైవరు ఏడిపిస్తే ఆమె కూడా నవ్వేది. చిన్న హాల్లో పాడిన రోజు, ఆ ఖాళీల్లో జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

ఒకసారి ఎవరో చొక్కా తిప్పి పంపారు. రెండు చేతులూ ఒకే వైపువి కుట్టింది. వాడికి రెండూ కుడిచేతులేమోలే అని వడ్రంగి హాస్యమాడాడు. పది నెలలు అలా గడిచాక ఆమె మిషను మీదే పడిపోయింది. తలలో గడ్డ అన్నారు. మాట తడబడటం ఎప్పటినుంచి ఉందని డాక్టరు అడిగాడు. ముగ్గురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ముగ్గురికీ గుర్తొచ్చింది మూడో ఆల్బమే.

ఇప్పుడు, ఆమె పోయిన ఏడాదికి, బావమరిది షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో చిన్న ప్లేయరు. మూడో ఆల్బమ్ తయారైందనీ, ఒక్క చోట మాత్రం తన చేయి ఆడడం లేదనీ చెప్పాడు.

"ఒక్కటి విను బావా. విన్నాక పొమ్మంటే పోతాను."

"నువ్వు పోవడానికి నేను వినక్కర్లేదు. తలుపు అదిగో. నేను చేసిందే, బాగానే తెరుచుకుంటుంది."

అతను కదల్లేదు. మీట నొక్కాడు.

ఆమె గొంతు పలకల మధ్య నిండింది. వడ్రంగి రంపం కింద పెట్టలేదు గాని, కోత ఆగిపోయింది. రెండో చరణం దగ్గర ఆమె ఆగింది. ఈసారి ఖాళీ తర్వాత వచ్చింది పాట కాదు, వట్టి మాట. "ఆపండి. నాకు మాట దొరకట్లేదు." గిటార్ ఆగింది. బేస్ ఆగింది. డ్రమ్స్ మాత్రం ఆగలేదు. వాటి మీదుగా ఒక మగగొంతు హుషారుగా అరిచింది. "ఆగకు. మూడుసార్లు అను."

ఆమె అంది. నాకు మాట దొరకట్లేదు. నాకు మాట దొరకట్లేదు. మూడోసారికి దానికి రాగం కుదిరింది, గిటార్ కలిసింది. హాల్లో జనం లేచి నిలబడి మళ్ళీ మళ్ళీ పాడించుకున్న పల్లవి అదే.

ఆ మగగొంతు తనదేనని పోల్చుకోవడానికి వడ్రంగికి రెండోసారి వినాల్సిన పని లేకపోయింది. ఆ రోజు మాత్రం ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. తను అన్న మాట కూడా గుర్తుండనంత మామూలు మధ్యాహ్నం అది.

"ఎప్పుడు విన్నావిది?"

"అక్క ఆసుపత్రిలో ఉండగానే."

అంటే కాటి దగ్గర తల దించుకుని నింద మోసినప్పటికే అతనికిది తెలుసు. బావమరిది గొంతు తగ్గించి, ఈ ముక్క డ్రైవరుకు కూడా వినిపించలేదన్నాడు. బావ గొంతు ఒక్కటే కత్తిరించి పారేస్తాననీ, అతుకు కూడా తెలియదనీ అన్నాడు.

"ఉంచు."

"ఏది బావా?"

"రెండు గొంతులూ. ఆపమని అది అడిగింది. అడిగినట్టు నలుగురికీ తెలియాలి. ఎవడు ఆపలేదో కూడా తెలియాలి."

బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు. దగ్గరకు రాబోతే వడ్రంగి రంపం అడ్డంగా పెట్టాడు.

"నిన్ను వదిలేశాననుకోకు. నియమం నీదే."

"అనుకోను."

"ఇక ఈ సంగతి నా దగ్గర ఎత్తొద్దు. ఇవాళ్టితో సరి."

ఆల్బమ్ బయటికి వచ్చింది. విన్నవాళ్ళు ఆ పాటకు ఏడ్చారని డ్రైవరు వచ్చి చెప్పాడు. పాటలో ఆ అరిచింది నువ్వేనా అన్నయ్యా అని మెల్లగా అడిగాడు. అవునన్నాడు వడ్రంగి. ఎందుకలా అన్నావని డ్రైవరు అడగబోతే చిత్రిక అందుకుని పలక మీద పెట్టాడు. దాని గురించి మాట్లాడనన్నాడు. ఇవాళ కాదు, రేపు కాదు, తను పోయేలోగా ఎప్పుడూ మాట్లాడనన్నాడు.